అత్త గాలం మిషను

మొన్న మా ఇంట్లో కుట్టుమిషను బాగుచెయ్యడానికి ఒకతను వచ్చాడు. వరండాలో పాత దుప్పటి పరిచి, మిషను పక్కకి వాల్చి, సన్నటి ముక్కున్న డబ్బాతో కీలు కీలుకీ ఒక్కో చుక్క నూనె వేస్తున్నాడు. ఆ వాసన గదిలోకి వచ్చింది. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. "నూనె వాసన పడదా అమ్మా?" అని అడిగాడు. పడదన్నాను. అది నిజం కాదు. చిన్నప్పుడు ఆ వాసనంటే నాకు ప్రాణం. ఇప్పుడు ఆ వాసనలో మా అత్త ఉంటుంది. ఆవిడ ఎదట పడడానికి నాకు మొహం చెల్లదు.

అప్పట్లో మేము కోరాపుట్ కొండల్లో డ్యాము కాలనీలో ఉండేవాళ్ళం. నాన్న పవర్‌హౌసులో ఫిట్టరు. రేకుల కప్పు, సిమెంటు వరండా, వెనక నాలుగు చోడి మొక్కలూ ఒక బొప్పాయి చెట్టూ. మా ఇళ్ళ వరసలో సగం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం, సగం ఒడియావాళ్ళు. చలికాలం పొద్దున్న మంచులో ఎదురింటి గుమ్మం కూడా కనిపించేది కాదు. ముక్కుతోనే ఇల్లు పోల్చుకునేవాళ్ళం. ఆవనూనె కాగుతుంటే పక్కింటి ఒడియా మౌసిది, చింతపండు పులుసు మరుగుతుంటే మాది. సంతరోజున దేశియా గిరిజన ఆడవాళ్ళు కొండ దిగి అల్లం, పసుపు, తేనె తెచ్చేవారు. వాళ్ళ బుట్టల్లోని పచ్చి అల్లం వాసన మర్నాటి దాకా ఆ దారిలోనే ఉండేది.

అత్త నాన్నకి అక్క, ఆయనకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆయన ఆవిడని అప్పా అని పిలిచేవాడు. మామయ్య పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. ఏడాది తిరక్కుండానే అత్తవారింట్లో ఆవిడ పళ్ళెం వాకిట్లో పెట్టడం మొదలుపెట్టారట. ఆ సంగతి తెలిసి నాన్న సెలవు పెట్టి వెళ్ళి తీసుకొచ్చాడు. ఒక రేకుపెట్టె, ఒక చుట్టల కట్ట, అంతే సామాను. మగవాడంత పొడుగు. చీర మోకాళ్ళ పైకి ఎగదోపి గోచీ పెట్టేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, ఆ నోటితోనే గలగలా మాట్లాడేది. నేను నోరు తెరిచి చూస్తుంటే, "ఏటే అమ్మీ, కాల్దేటి అని సూస్తున్నావా? అలవాటైతే ఏదీ కాల్దు" అని నవ్వేది.

మా ఇంట్లో గోడకి ఒక గాలం మిషను వేలాడుతూ ఉండేది. గాలం కర్రకి బిగించి, పిడి తిప్పితే దారం చుట్టుకునే రీలు. పవర్‌హౌసులో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక దొర, తిరిగి తన దేశం వెళ్ళిపోతూ నాన్న చేతిలో పెట్టి వెళ్ళాడట. నాన్న రెండు ఆదివారాలు గట్టున కూర్చుని, ఓపిక చాలక మేకుకి తగిలించేశాడు. అత్త వచ్చిన మూడో రోజున దాన్ని దింపి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటిరా తమ్మా, రాట్నంలాగుంది?"

"చేపలు పట్టే మిషను అప్పా. బిగుసుకుపోనాది. తిరగదు."

"నూనె సూపించకపోతే మనిసే తిరగడు, మిషనేటి తిరుగుతాది? సిన్నప్పుడు ఏటి గట్టున నాను పట్టిన సేపలు తినీసి పెరిగినోడివి నువ్వు. ఇలా తే."

ఆ సాయంత్రమే నాన్న స్క్రూడ్రైవరు పట్టుకుని దాన్ని విప్పి చూపించాడు. ఒక్కసారే. అత్త చూసి నేర్చుకుంది.

ఆ తరవాత ప్రతి శనివారం సాయంత్రం మా వరండాలో అదొక పూజలా జరిగేది. అమ్మ పాత చీరముక్క పరిచేది. అత్త మిషను విప్పి, ఊడిన ముక్క ఊడినట్టు నాకందించేది. నేను వాటిని పూల సత్తు పళ్ళెంలో వరసగా, అంచు వెంబడి గుండ్రంగా పెట్టాలి. పిడి, దారం గిన్నె, పెద్ద చక్రం, చిన్న చక్రం, ఇరుసు. అత్తకి చదువు రాదు. ఆ వరసే ఆవిడకి అక్షరాలు. చివరి ముక్క నుంచి మొదటి ముక్క దాకా వెనక్కి నడుచుకుంటూ వచ్చి బిగించేది. డబ్బా మూతలో కిరసనాయిలు పోసి, కోడీకతో చక్రాల పళ్ళ మధ్య మురికి కడిగేవాళ్ళం. ఆరాక చీపురుపుల్ల కొసతో కుట్టుమిషను నూనె, కీలుకి ఒక్క చుక్క. చక్రాలకి మటుకు నాన్న వర్క్‌షాపు నుంచి పొట్లం కట్టి తెచ్చిన పసుపుపచ్చ గ్రీజు, మినపగింజంత.

"ఎక్కువెట్టకే అమ్మీ. నూనెక్కువైతే దుమ్ము పడతాది, దుమ్ము పడితే అరుగుతాది. ఆకలికి సరిపడా ఎట్టు."

చిన్న చక్రానికీ ఇరుసుకీ మధ్య పెట్టేది ఒక ఉక్కుముక్క, అన్నిటికంటే చిన్నది. చింతగింజలో సగం ఉంటుంది. పెద్ద చక్రం పళ్ళ మధ్య పడి, పిడి వెనక్కి తిరక్కుండా ఆపేది అదే. అత్త దాన్ని పన్ను అనేది. దాన్ని దాని చోట కూర్చోబెట్టడానికి ఆవిడ వేళ్ళు లావు, నా వేళ్ళు సరిపోయేవి. అది నా పని. అన్నీ బిగించాక అత్త మిషను చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా తిప్పేది. పన్ను పళ్ళ మీద పడుతూ కిర్ కిర్ కిర్ మనేది. ఆ చప్పుడు విని కళ్ళు మూసుకుని తలాడించేది, పాట వింటున్నట్టు.

ఎరకి తెలికపిండి, తవుడు, కాస్త బెల్లం కలిపి ముద్ద చేసేది. అందులో బెల్లం నేనూ తమ్ముడూ దొంగిలించేవాళ్ళం. "ఈ వారం సేపలు సప్పిడి ముద్దే తింటాయి కావాల" అనేది అత్త, మా మూతులు చూస్తూ. ఒకసారి గ్రీజు కాస్త దాచి పక్కింటి తలుపు గొళ్ళేనికి రాశాను. మౌసి చెయ్యి జారి పాలగిన్నె ఒలికిపోయింది. అత్త నా వేళ్ళు వాసన చూసి, ఎవరితోనూ అనకుండా, మౌసి ఇంటికి ఒక చేప పట్టుకెళ్ళి ఇచ్చింది.

ఆదివారం గట్టున మగవాళ్ళ మధ్య అత్త ఒక్కతే ఆడమనిషి. మొదట్లో నవ్వారు. బొచ్చెలూ శీలావతులూ ఆవిడ గాలానికే పడుతుంటే నవ్వడం మాని, ఎర ఎలా కలుపుతావని అడగడం మొదలుపెట్టారు. పెద్ద చేప దొరికితే ఆ రోజు వరసంతటికీ పండగ. అమ్మ ఆవపెట్టి పులుసు చేసేది. "ఒదినా, మీరొచ్చేక మా యింట్లో పులుసు కుండ ఆరింది నేదు" అనేది. అత్త చేప తల నా పళ్ళెంలోనే వేసేది.

ఆ రెండేళ్ళూ అత్త పక్కన కూర్చోవడం తప్ప నాకింకేమీ అక్కర్లేకపోయింది. ఆ తరవాత నన్ను బడి మార్చారు.

సెమిలిగుడ దారిలో ఉన్న ఇంగ్లీషు మీడియం బడిలో ఆరో తరగతి. మా వరసలోంచి ఆ బడికి వెళ్ళింది నేనొక్కతెనే. తక్కినవాళ్ళంతా బంగళాల పిల్లలు. బస్సులో నాకు పక్కన చోటిచ్చింది ఇంజనీరుగారి అమ్మాయి. ఒడియావాళ్ళు. తెల్లటి మేజోళ్ళు, వాసనొచ్చే రబ్బరు, పంచదార అద్దిన బిస్కట్లు. ఆ అమ్మాయి నాతో ఏనాడూ గొప్పలు పోలేదు. ఆ మాట ముందే చెప్పాలి. భయమంతా నాదే. నా జడలో చుట్ట వాసన ఉందేమోనని బస్సెక్కే ముందు నీళ్ళతో తుడుచుకునేదాన్ని. చేతికి గ్రీజు అంటుతుందని శనివారాలు తలనొప్పి వచ్చేది.

ఒక సాయంత్రం బస్సు గట్టు మీదుగా వస్తోంది. కింద అత్త నిలబడి ఉంది. గోచీ, బురద కాళ్ళు, నోట్లో చుట్ట. ఆవేళ మూరెడు శీలావతి పడింది. బస్సుని చూడగానే దాన్ని రెండు చేతులతో తలపైకెత్తి, "అమ్మీ! ఓలమ్మీ! ఇటు సూడే!" అని అరిచింది. బస్సులో పిల్లలు కిటికీల దగ్గరికి ఎగబడి నవ్వారు. వెనక సీటులో ఒకడు వేలు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చినట్టు అభినయించాడు.

"ఆవిడ నిన్నేనా పిలుస్తోంది?" అని ఇంజనీరుగారి అమ్మాయి ఒడియాలో అడిగింది.

"మా ఇంట్లో పనిమనిషి" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. ఎవరూ అడగకుండానే, "కాస్త పిచ్చిది కూడా" అని కలిపాను.

ఇంటికి రాగానే అత్త నవ్వుతూ, "ఇనపడనేదేటే?" అంది. వినపడలేదన్నాను. "బస్సు సప్పుడు" అని తనే నాకు సాకు వెతికిపెట్టింది.

తరవాత కొన్ని వారాలకి నాన్న డ్యూటీ నుంచి సంబరంగా వచ్చాడు. ఇంజనీరుగారికీ చేపల సరదా ఉందట. పాత మిషనుతో ఒకావిడ చేపలు పడుతోందని గట్టున విని, ఎవరని ఆరా తీశాడట. మా అక్క అని నాన్న గర్వంగా చెప్పుకున్నాడు. ఆదివారం పిల్లల్ని తీసుకుని చూడ్డానికి వస్తానన్నాడట.

"అంత పెద్దాయన నాను సేపలు పడితే సూడ్డానికొస్తాడా?" అని అత్త సిగ్గుపడింది. పెట్టె అడుగునున్న నీలం నేతచీర తీసి ఎండలో వేసింది. అమ్మ వెన్నప్పాలు చేసి పట్టుకెళదామంది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. గట్టు మీద నాన్న 'అప్పా' అని పిలుస్తాడు, ఆవిడ నన్ను 'అమ్మీ' అని పిలుస్తుంది, ఇంజనీరుగారి అమ్మాయికి ఆవిడెవరో తెలిసిపోతుంది. నేను ఆలోచించింది అంతే.

శనివారం సాయంత్రం అత్త మిషను, పళ్ళెం, నూనె డబ్బా నా ముందు పెట్టింది. "రేపు పెద్దోళ్ళొస్తున్నారు. నా కళ్ళు ఆనడం నేదు. ఈసారి మొత్తం నువ్వే సెయ్యే అమ్మీ. నీ సెయ్యి నికార్సయింది" అంది. తెలికపిండి దంచడానికి పెరట్లోకి వెళ్ళింది.

అన్నీ విప్పాను. అన్నీ కడిగాను. చుక్క ఎక్కువ కాకుండా నూనె వేశాను. అంత శ్రద్ధగా నేను ఏనాడూ చెయ్యలేదు. బిగించేటప్పుడు పన్ను మాత్రం పెట్టలేదు. పెద్ద చేప లాగితే పిడి వెనక్కి తిరిగిపోతుందని నాకు తెలుసు. దారం వదులై చేప పోతుంది, వచ్చినవాళ్ళు కాసేపు చూసి విసుగెత్తి వెళ్ళిపోతారు, మళ్ళీ ఇంకెప్పుడూ రారు. నా లెక్క అది. పన్నుని లోపలికి తీసుకెళ్ళి జామెట్రీ బాక్సులో రబ్బరు కింద పెట్టాను.

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి, మిషను చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది. చప్పుడు లేదు.

"కిర్రుమనడం నేదేటే?"

"కొత్త గ్రీజు కదా అత్తా. మెత్తగా తిరుగుతోంది."

నా మొహంలోకి చూసి, నమ్మింది. నూనె చేత్తోనే నా బుగ్గ పుణికి, "బంగారు సెయ్యి" అంది.

మర్నాడు పొద్దున్న మంచు విడిపోయి ఎండ కాసింది. ఇంజనీరుగారి జీపు వచ్చింది. ఆయనా నాన్నా పైన జీపు దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. అత్త నీటి అంచున, నీలం చీరలో, ఆ రోజుకి చుట్ట కూడా మానేసి కూర్చుంది. నేను ఇంజనీరుగారి అమ్మాయి పక్కన, పది బారల వెనక, ఎవరి మనిషినో అన్నట్టు నిలబడ్డాను. ఎర ముద్దలూ కత్తీ ఉన్న బుట్ట నా కాళ్ళ దగ్గరే ఉంది.

చాలాసేపు ఏమీ పడలేదు. వెళ్ళిపోతారనుకుని సంతోషిస్తుండగా కర్ర వంగింది. అంత వంగడం నేనెప్పుడూ చూడలేదు. అత్త లేచి నిలబడి పిడి పట్టుకుని లాగింది. రెండు చుట్లు వచ్చింది. అప్పుడు చేప తిరిగింది. పిడి ఆవిడ చేతిలోంచి ఊడి గిర్రున వెనక్కి తిరుగుతూ వేళ్ళ కణుపుల మీద టకటకా కొట్టింది. దారం బొంగరంలా విప్పుకుని చిక్కుపడింది. చేపని వదలడం ఇష్టం లేక ఆవిడ ఒట్టి చేత్తో దారం పట్టుకుంది. నైలాను దారం రెండు వేళ్ళకి ఉరిలా బిగుసుకుంది. అవతల చేప లాగుతోంది. నీలం చీర మీద రక్తం నల్లగా కనిపించింది.

"అమ్మీ! కత్తి! కత్తి తే! దారం కొయ్యి!"

కత్తి నా కాళ్ళ దగ్గరుంది. వంగితే అందుతుంది. నేను వంగలేదు. వంగితే ఆ పిలుపు నాదని ఒప్పుకున్నట్టు. ఆవిడ ఇంకోసారి పిలిచింది. అప్పటికీ కదల్లేదు.

నా పక్కనుంచి తెల్లటి మేజోళ్ళు బురదలోకి పరిగెత్తాయి. తెలుగు ముక్క రాని ఆ పిల్ల "మౌసీ! మౌసీ!" అని అరుస్తూ వెళ్ళి, దారాన్ని రెండు చేతులా పట్టుకుని తన వైపు లాగి అత్త వేళ్ళకి వదులిచ్చింది. మౌసీ అంటే వాళ్ళ భాషలో పిన్ని. ఈలోగా నాన్న పై నుంచి దూకుతూ వచ్చి, నా కాళ్ళ దగ్గరి కత్తి తీసుకుని, నన్ను చూడనైనా చూడకుండా వెళ్ళి దారం కోశాడు.

ఆస్పత్రిలో కుట్లు వేశారు. చూపుడువేలూ మధ్యవేలూ ఎముక దాకా తెగాయి. నరాలు పోయాయన్నారు. ఆ రెండు వేళ్ళూ మళ్ళీ వంగలేదు.

మర్నాడు బస్సులో ఇంజనీరుగారి అమ్మాయి, "ఆవిడ మీ నాన్నగారి అక్కట కదా" అంది. అంతే అంది. ఆ పిల్ల అరచేతిలో కూడా సన్నటి కోత ఉంది. ఆ మధ్యాహ్నం నుంచి వేరే చోట కూర్చుంది.

కట్టు విప్పిన వారం, శనివారం సాయంత్రం, అత్త ఎడమచేత్తో మిషను ముందేసుకుని కూర్చుంది. నన్ను పిలిచింది. ఒక్కొక్కటే విప్పి ఇచ్చింది. నేను పళ్ళెంలో వరస పెట్టాను. చక్రానికీ ఇరుసుకీ మధ్య ఖాళీ మిగిలింది. అత్త ఆ ఖాళీ మీద వేలు పెట్టింది.

"ఇక్కడ పన్నేదే అమ్మీ?"

"ఎక్కడో పడిపోయుంటుంది."

గోడకి అవతల, నా పుస్తకాల సంచిలో, రబ్బరు కింద ఉంది అది. అత్త నా కళ్ళలోకి చూసింది. నేను పళ్ళెంలోకి చూశాను. మెల్లిగా అడిగింది.

"నానంటే నీకు నామోసీయేటే?"

కాదనలేదు. కాదని అబద్ధమైనా ఆడి ఉండాల్సింది. అంతకు ముందు అన్ని అబద్ధాలు ఆడిన నోరు, అవసరమైన ఆ ఒక్క అబద్ధానికి పెగల్లేదు.

అప్పుడే నాన్న డ్యూటీ నుంచి వచ్చి, "ఏటప్పా, ఏం తప్పొచ్చినాది దీనికి?" అన్నాడు.

అత్త పళ్ళెంలో ముక్కలన్నీ ఒక కుప్పగా తోసేసింది. ఆ వరసని ఆవిడ చెరపడం అదే మొదటిసారి. "పాత మిషనే తమ్మా. పన్ను అరిగిపోయి ఊడిపోనాది. పిల్లేటి సేస్తాది?" అంది.

నాన్న ఉక్కు ముక్క ఆకురాయితో రాసి కొత్త పన్ను చేసి తెస్తానన్నాడు. అత్త వద్దంది. చెయ్యి వంగదు, ఇంకెందుకంది. సోమవారం నేను బస్సు కిటికీలోంచి పాత పన్నుని లోయలోకి విసిరేశాను. అది పొదల్లో ఎక్కడ పడిందో కూడా కనిపించలేదు.

పంటలు కోసే రోజులకి అత్త వెళ్ళిపోయింది. గుణుపురం దగ్గర నాన్న పినతండ్రి కొడుకు వ్యవసాయం చేసేవాడు. అక్కడ కళ్ళం కాపలాకి మనిషి కావాలంటే తనే వెళతానంది. "ఈ సలి నాను పడలేను" అని అమ్మతో చెప్పింది. రెండేళ్ళ చలి పడ్డ మనిషి. రాయగడ మీదుగా వెళ్ళే బస్సెక్కుతూ నా తల మీద చెయ్యి పెట్టింది. రెండు వేళ్ళు కర్రముక్కల్లా తగిలాయి.

తరవాత ఒక వేసవిలో గుణుపురం వెళ్ళాం. అప్పటికి నేను తొమ్మిదో తరగతి. అత్త నన్ను చూసి ఊరంతా తిప్పింది. "మా తమ్ముడి కూతురు, ఇంగిలీసు సదువుతంది" అని ప్రతి గుమ్మంలోనూ చెప్పింది. సాయంత్రం నా ముందు పీట వేసుకుని వీపు తిప్పి కూర్చుని, "జుట్టు ముడెట్టవే అమ్మీ. ఈ సేతి ఏళ్ళతో నాకు కుదరదు. రోజూ ఎవులినో అడుక్కోవాల" అంది.

నేను దువ్వాను. సగం నెరిసిన జుట్టు, చుట్ట వాసన. ఆవిడ మొహం అటు ఉంది. చెప్పేయడానికి అంతకంటే వీలు ఎప్పటికీ దొరకదు. మొహం చూడక్కర్లేదు, కళ్ళు కలపక్కర్లేదు. ముడి ఒకసారి పెట్టాను, వదులైందని విప్పి మళ్ళీ పెట్టాను, ఇంకా విప్పి ఇంకోసారి పెట్టాను. చెప్పలేదు. "సాల్లేవే, పెళ్ళికూతుర్నేటి" అని నవ్వి లేచిపోయింది.

నేను కాలేజీలో ఉండగా అత్త పోయింది. వెళ్ళకపోవడానికి పరీక్షలు సాకు దొరికాయి.

అమ్మా నాన్నా కూడా లేరిప్పుడు. కుటుంబంలో అందరం కలిసినప్పుడు తమ్ముడు ఈ కథ తప్పకుండా చెబుతాడు. మగవాళ్ళ మధ్య కూర్చుని చేపలు పట్టిన మేనత్త, ఇంజనీరు చూడ్డానికి రావడం, ఆ దొర అంటగట్టిపోయిన పాడు మిషను ఆవిడ చెయ్యి తీసెయ్యడం. వాడు బాగా చెబుతాడు. పోయినసారి మా మనవరాలు నా వైపు తిరిగి, "నువ్వు అక్కడే ఉన్నావా నాయనమ్మా? ఏమైంది మిషనుకి?" అని అడిగింది. సరిగ్గా నేను ఆ పని చేసిన వయసే దానిది.

"పాతది కదమ్మా. పన్ను అరిగిపోయింది" అన్నాను.

అది అత్త నాకోసం ఆడిన అబద్ధం. ఆవిడ ఒక్కసారి ఆడింది, నేను జీవితమంతా ఆడుతున్నాను. ఈ కాగితం మీదైనా ఒక్కసారి సరిగా రాస్తాను. ఆ దొర మంచిదే ఇచ్చాడు. మా అత్త దాన్ని ఎంతో బాగా చూసుకుంది. ఆ మిషనులో ఏ లోపమూ లేదు.